రోజుకి నాలుగు లెక్కలు

మా వదినకి కుడికంట్లో శుక్లం తీశారంటే చూసిరావడానికి మొన్న రాజమండ్రి వెళ్ళాను. మా మేనకోడలి ఇంటి వరండాలో నల్లకళ్ళజోడు పెట్టుకుని వాలుకుర్చీలో కూర్చుని ఉంది. పది రోజులపాటు చదవకూడదు, టీవీ చూడకూడదు, వంగకూడదు అన్నాట్ట డాక్టరు. ఆవిడకి అన్నిటికన్నా కష్టం ఊరికే కూర్చోవడం. నేను చెప్పులు విడిచి పక్కన కూర్చున్నానో లేదో, "చిన్నీ, లోపల బల్ల మీద పిల్ల లెక్కల పుస్తకం ఉంటుంది, తీసుకురా. ఓ నాలుగు లెక్కలు చదివిపెట్టు, నోటితో చేస్తాను. పొద్దుపోక చచ్చిపోతున్నాను బాబూ!" అంది. తొమ్మిదో తరగతి చదివే మనవరాలు అది విని, "అమ్మమ్మా, సరదా కోసం ఎవరైనా లెక్కలు చేస్తారా?" అని పడీపడీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ముప్ఫై రెండేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయినదాన్ని నేను. మీకు లెక్కలు ఎవరు నేర్పారు మేడం అని అడిగిన వాళ్ళందరికీ మా మాస్టారి పేరు చెబుతూ వచ్చాను. అందులో సగమే నిజం. మిగతా సగం నల్లకళ్ళజోడు పెట్టుకుని నా పక్కనే కూర్చుని ఉంది.

మాది నరసాపురానికి ఆరు మైళ్ళ దూరంలో కాలవ పక్క ఊరు. నాలుగెకరాల మాగాణి, నాలుగు గేదెలు, పెంకుటిల్లు. తెల్లవారుజామున మా ఇంట్లో ముందు లేచేవి వాసనలు. పెరట్లో కళ్ళాపి వాసన, పొయ్యిలో కొబ్బరి డొక్కల పొగ, నిన్నటి పాలు పిడకల దాలిలో సాయంత్రందాకా కాగి తోడుకున్న పెరుగు వాసన. మా అమ్మకి ఒక నియమం ఉండేది. పొద్దున్నే పొయ్యి దగ్గర ఎవరూ మాట్లాడకూడదు. మాట్లాడితే పనిలో ధ్యాస తప్పి ఏదో ఒకటి మాడుతుందని ఆవిడ నమ్మకం. అందుకని నాన్న వరండాలో రేడియో పెట్టుకుని పాడిపంటల కబుర్లు వినేవాడు గానీ, వంటింట్లో మాత్రం కవ్వం చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించేది కాదు. అలాంటి ఇంటికి మా మంగ వదిన కోడలిగా వచ్చింది. అప్పుడు ఆవిడకి పంతొమ్మిదేళ్ళు, నాకు పద్నాలుగు. మా అన్నయ్య మాటలు తక్కువ మనిషి. చేలో ఎంత పనైనా చేస్తాడు, నలుగురిలో నిలబడి నాలుగు మాటలు మాట్లాడమంటే మాత్రం నేల చూపులు చూస్తాడు. వదిన అలా కాదు, పలకరించకుండా ఉండలేదు. గేదెని కూడా "ఏమ్మా, రాత్రి దోమలు కుట్టాయా?" అని అడిగి గాని పాలకి కూర్చునేది కాదు. పదో తరగతిలో అన్నీ పాసై లెక్కల్లో ఇరవై ఎనిమిది మార్కులతో తప్పిందట. మళ్ళీ కట్టేలోపల పెళ్ళి కుదిరింది. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు.

నేను తెలివైన పిల్లనని ఊళ్ళో పేరు. నా తెలివి ఏపాటిదో నాకొక్కదానికే తెలుసు. గైడులో ఉన్న లెక్కలన్నీ మొదటి అక్షరం నుంచి చివరి అంకె దాకా బట్టీ పట్టేదాన్ని. కాలవ గట్టుమీద అటూ ఇటూ తిరుగుతూ, పద్యాలు వల్లించినట్టు లెక్కలు వల్లించేదాన్ని. తొమ్మిదో తరగతి దాకా అది చాలింది. పదిలోకి వచ్చాక మాకు కామేశ్వరరావు మాస్టారని కొత్తగా ఒకాయన వచ్చారు. పల్చటి మనిషి, గొంతు పెంచేవారు కాదు, బెత్తం పట్టేవారు కాదు. క్వార్టర్లీ పరీక్షలో ఆయన చేసిందల్లా ఒక్కటే. పుస్తకంలో లెక్కలే ఇచ్చి అంకెలు మార్చేశారు. నేను మాత్రం పాత అంకెలతోనే పాత జవాబులు రాసి వచ్చాను. ముప్ఫై ఎనిమిది మార్కులు వచ్చాయి.

ఆ సాయంత్రం గడ్డిమేటు వెనక కూర్చుని ఏడుస్తుంటే, గేదెలకి కుడితి పెట్టడానికి వచ్చిన వదిన చూసింది. ఎన్నొచ్చాయని అడిగింది. చెప్పాను.

"నాకన్నా పది ఎక్కువే తెచ్చుకున్నావు. దానికింత ఏడుపా?" అని నవ్వి, చేతులు చీరకి తుడుచుకుని నా పక్కన కూర్చుంది. "ఏదీ, ఆ పోయిన లెక్కల్లో ఒకటి నాకు చెప్పు."

"నీకెందుకు వదినా?"

"రాదు గనక."

సరే, ఒక సమీకరణం నేల మీద పుల్లతో గీసి, గబగబా చెప్పుకుపోయాను. ఈ అయిదు ఈక్వల్ టు దాటి అటు వెళ్ళింది, ప్లస్ మైనస్ అయింది, ఇదీ జవాబు. వదిన నా చేతిలో పుల్ల తీసుకుని ఆ అయిదు మీద పెట్టింది.

"అటెళ్తే ఎందుకు మారాలి?"

"రూలు."

"ఎవరు పెట్టారా రూలు? నేను మా గుమ్మం దాటి మీ గుమ్మంలోకొచ్చాను. అక్కడి మంగనే కదా ఇక్కడా? ఆ అయిదు మటుకు ఎందుకు మారిపోవాలి?"

నాకు కోపం వచ్చింది. పదో తరగతి తప్పినావిడ నన్ను అడగడమేంటని లోపల అనుకున్నాను కూడా. కానీ ఆ ప్రశ్న నన్ను నిద్రపోనివ్వలేదు. మర్నాడు బడి వదిలాక మాస్టారి దగ్గరికి వెళ్ళి అదే ప్రశ్న నాదిగా అడిగాను. ఆయన నడుస్తున్నవారల్లా ఆగిపోయారు.

"అది దాటదమ్మా. అంకెలకి కాళ్ళున్నాయా దాటడానికి? తక్కెడ రెండు పక్కలా సమానంగా ఉంది. ఈ పళ్ళెంలోంచి అయిదు తీస్తే ఆ పళ్ళెంలోంచీ అయిదు తియ్యాలి, లేకపోతే ఒరుగుతుంది. తీసెయ్యడమే మైనస్. మనం తొందరకొద్దీ దాటింది అంటాం." కొంచెం ఆగి, "ఇంతమందికి చెప్పాను, ఇలా ఎవ్వరూ అడగలేదు. నీకే తోచిందా?" అన్నారు.

అబద్ధం చెప్పబోయి ఆయన మొహం చూసి చెప్పలేకపోయాను. "మా వదిన అడిగిందండి. లెక్కల్లో తప్పింది."

"తప్పినావిడ కాదమ్మా ఆవిడ. చెప్పేవాళ్ళు దొరకని మనిషి," అన్నారు మాస్టారు. "రోజూ నాలుగు లెక్కలు ఆవిడకి చెప్పు. అయిదు వద్దు. పుస్తకం చూడకూడదు. ఆవిడకి అర్థం కాకపోతే నీకు రానట్టే లెక్క. మార్చి లోపల నీకే తెలుస్తుంది."

అలా మొదలైంది. తెల్లవారుతుండగా వదిన పొయ్యి రాజేసి చల్ల చిలుకుతూ కూర్చుంటే, నేను బడి నుంచి తెచ్చిన సుద్దముక్కతో పెరటి తలుపు మీద రాసేదాన్ని. ఏళ్ళ తరబడి పొగచూరి ఆ తలుపు మా బడిలో బోర్డుకన్నా నల్లగా ఉండేది. ముందు రోజు బడిలో చేసిన నాలుగు లెక్కలు, అంకెలు మార్చి, పుస్తకం మూసి. ప్రతి మెట్టు దగ్గరా వదిన కవ్వం ఆపి "ఎందుకు?" అనేది. చెప్పగలిగితే కవ్వం మళ్ళీ కదిలేది. చెప్పలేకపోతే ఆ లెక్క మర్నాటికి. మొదట్లో ఒక్క లెక్కకే తెల్లారిపోయేది. వెన్న కూడా ఆలస్యంగా పడేది. మా అమ్మ వారం రోజులు ఓపిక పట్టి, ఎనిమిదో రోజు గుమ్మంలో నిలబడింది.

"పొయ్యి ముందు మాటలొద్దన్నానా? తలుపు నిండా ఈ గీతలేంటి?"

వదిన లేచి నిలబడింది. "చిన్నికి లెక్కలండి అత్తయ్యా. నేను వింటేగాని దానికి రావట్లేదండి."

ఇద్దరిలో ఎవరు నేర్పుతున్నారో, ఎవరు నేర్చుకుంటున్నారో అమ్మకి అంతుబట్టలేదు. తలుపు వంకా, నా వంకా, పొయ్యి మీద అన్నం వంకా చూసింది. అన్నం మాడలేదు. గిన్నె మీద మూత సర్ది వెళ్ళిపోయింది. ఆ తర్వాత నాలుగు రోజులకి పక్కింటావిడ చల్ల కోసం పెరటి వైపు నుంచి రాబోతే, "ఆ తలుపు ముట్టుకోకమ్మా, లెక్క చెరిగిపోద్ది. ఇటు తిరిగి రా," అని అమ్మ కేకేయడం నేను విన్నాను.

తప్పుల పుస్తకం అన్నది వదిన ఊహ. పాత నోటుపుస్తకాల్లో మిగిలిన తెల్లకాగితాలు చింపి, లేసు అల్లే దారంతో కుట్టింది. తప్పు చేసిన లెక్క పూర్తిగా రాయకూడదు, ఎక్కడ తప్పామో ఆ ఒక్క మెట్టే రాయాలి, పక్కన ఎందుకు తప్పామో రాయాలి. రెండు నెలలయ్యేసరికి ఒక వింత బయటపడింది. నా తప్పులన్నిటి పక్కనా ఒకటే మాట ఉంది, తొందర. ఆరుని సున్నా అనుకోవడం, అడిగింది ఒకటైతే చెప్పింది ఇంకొకటి కావడం. వదిన తప్పుల పక్కన కూడా ఒకటే మాట, భయం. సగం దాకా సరిగ్గానే వచ్చి, ఇంత తేలిగ్గా ఉంటుందా అని అనుమానపడి కొట్టేయడం. "నీ తొందర కొంచెం నాకూ, నా భయం కొంచెం నీకూ ఉంటే ఇద్దరం ఫస్టే," అనేది వదిన. భయానికి ఆవిడే ఒక మందు కనిపెట్టుకుంది. జవాబు వచ్చాక దాన్ని తీసుకెళ్ళి ప్రశ్నలో పెట్టి, ప్రశ్న మళ్ళీ మొదటి నుంచి చదివేది. సరిపోతే అక్కడ గీత గీసి ఇంక వెనక్కి చూసేది కాదు. నన్నూ అలా చెయ్యమనేది. అలాగే అనేదాన్ని గాని చేసేదాన్ని కాదు. నాకు టైము వేస్టనిపించేది.

హాఫ్ ఇయర్లీలో నాకు ఎనభై ఆరు వచ్చాయి. మాస్టారు ఆ పేపరుతోపాటు ప్రైవేటుగా పరీక్ష కట్టే ఫారం ఒకటి నా చేతిలో పెట్టి, ఇది మీ వదినకి అన్నారు. మా ఊళ్ళో బాల్వాడీ పెడతారని, పది పాసైన ఆడవాళ్ళకి టీచరు పని ఇస్తారని అప్పటికే అనుకుంటున్నారు. వదిన ఆ ఫారాన్ని మూడు రోజులు బియ్యం డబ్బా మీద పెట్టి, వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ చూసుకుంది. అన్నయ్య మాత్రం నలిగిపోయాడు. "చదువు తప్పని కాదు. ఆడపడుచుతో కలిసి బస్సెక్కి పరీక్షకెళ్తే నలుగురూ ఏమనుకుంటారు?" అని నేల చూపులు చూస్తూ అన్నాడు. పైగా అప్పటికి వదినకి నెల తప్పింది. అప్పుడు అమ్మ, ఎవరూ అడక్కుండానే, "నలుగురూ వచ్చి మన గేదెల పాలు పిండుతారేంట్రా? పరీక్షలున్న రోజులు నేను పిండుకుంటాను. వెళ్ళనియ్యి," అంది. అంతటితో అయిపోయింది.

పరీక్షలు నరసాపురంలో. అప్పుడు లెక్కలు రెండు పేపర్లు, రెండు రోజులు. మొదటి పేపరు రోజు వదినకి అయిదో నెల. ఎంత కొంగు కప్పుకున్నా తెలుస్తూనే ఉంది. హాలు బయట మా క్లాసు అమ్మాయిలందరం గుంపుగా ఉన్నాం. ప్రైవేటు వాళ్ళ వరసలో వదిన నిలబడి, హాల్ టికెట్టు రెండు చేతులతో పట్టుకుని, నా వంక చూసి నవ్వింది. మాలో ఒకమ్మాయి పకపకా నవ్వి, "పురిటికొచ్చిందా, పరీక్షకొచ్చిందా? నీకేసి చూస్తోందేంటే, మీవాళ్ళా?" అంది.

"మా ఊరావిడ," అన్నాను.

గొంతు తగ్గించి అనలేదు. వదిన మొహంలో నవ్వు ఆరిపోవడం నాకు కనపడింది. ఆవిడ వెంటనే కళ్ళు తిప్పుకుని హాల్ టికెట్టు చదువుతున్నట్టు నిలబడింది. ఆ రోజు తిరుగుబస్సులో పేపరు ఎలా రాశానో అడిగింది గానీ ఇంకే మాటా ఎత్తలేదు. మర్నాడు బస్సు దిగాక మాత్రం, "నువ్వు ముందు పదమ్మా, నీ స్నేహితులు చూస్తుంటారు. నేను మెల్లిగా వస్తాను," అంది. ఎందుకన్నదో నాకు తెలుసు. తెలిసీ ముందుకెళ్ళిపోయాను.

రెండో పేపర్లో ఒక లెక్క ఉంది. ఒక తోటలో నూట ఎనభై కొబ్బరి మొక్కలు వరసలుగా నాటారు. వరసల సంఖ్యకన్నా వరసలో మొక్కల సంఖ్య మూడు ఎక్కువ. అయితే వరసలెన్ని? బయటికి రాగానే గోడ పక్క నీడలో నిలబడ్డ వదిన దగ్గరికి పరిగెత్తాను. స్నేహితులు అప్పటికి వెళ్ళిపోయారు లెండి.

"కొబ్బరి మొక్కల లెక్కకి పదిహేనే కదా వదినా?"

వదిన ఒక్క క్షణం నా మొహంలోకి చూసింది. "నువ్వు బాగానే చేసుంటావులే. రేపు సైన్సు కదా, పద పద, బస్సెళ్ళిపోద్ది," అంది.

ఫలితాలు పేపర్లో పడ్డప్పుడు ఇద్దరి నెంబర్లూ ఉన్నాయి. అప్పటికి వదినని పురిటికి పాలకొల్లు పక్కన వాళ్ళ పుట్టింటికి తీసుకెళ్ళారు. కొన్నాళ్ళకి మార్కుల కాగితాలు వచ్చాయి. లెక్కల్లో నాకు తొంభై ఎనిమిది, వదినకి యాభై ఏడు. నేను ఆ రెండు మార్కులు ఎక్కడ పోయాయని గింజుకుంటుంటే, మాస్టారు ప్రశ్నపత్రం తెప్పించుకుని ఒక్కో లెక్కా అడిగారు. కొబ్బరి మొక్కల దగ్గర ఆగారు. "పదిహేను వరసలో మొక్కలమ్మా. వరసలు పన్నెండు. అంతా చేసి, అడిగింది వదిలేశావు." నేను తలెత్తలేకపోయాను. "మీ వదిన ఏం రాసిందో కనుక్కో," అన్నారాయన.

ఆ ఆదివారమే అన్నయ్యతో పాలకొల్లు వెళ్ళాను. వదిన అరుగు మీద చాపేసుకుని లేసు అల్లుతోంది. నెలలు నిండి మొహం పాలిపోయినా కళ్ళు మాత్రం అవే. కాగితం చేతికిచ్చాను. యాభై ఏడు అన్న అంకె మీద వేలు పెట్టి చదువుకుంది. అన్నయ్య మంచినీళ్ళకని లోపలికి వెళ్ళాక అడిగాను.

"కొబ్బరి మొక్కల లెక్కకి నీకెంతొచ్చింది?"

"పన్నెండు," అంది, అల్లిక మీంచి చూపు ఎత్తకుండా.

"నేను పదిహేనన్నప్పుడు చెప్పలేదేం?"

"మర్నాడు సైన్సు, ఆపైన సోషలు. చెప్తే అవన్నీ ఏడుస్తూ రాసేదానివి."

"నీకు సరిగ్గా వచ్చి నాకు తప్పిందని తెలిసి... సంతోషంగా అనిపించలేదా?"

"అనిపించకేం! ఇన్నాళ్ళనుంచీ ఒక్కదాన్నే కూర్చుని నవ్వుకుంటన్నాను. మా అమ్మయితే కడుపుతో ఉన్నదానికి ఏదో పట్టిందని దిష్టి కూడా తీసింది."

నవ్వుతూనే ఏడుపొచ్చేసింది నాకు. "ఆ రోజు హాలు దగ్గర నేను మా ఊరావిడ అన్నాను వదినా," అన్నాను.

"విన్నాన్లే. అబద్ధమేముంది, మీ ఊరిదాన్నే కదా ఇప్పుడు." సూది రెండు సార్లు దారంలోకి వెళ్ళి వచ్చింది. "కానీ బాధేసిందమ్మా. లేదంటే నీకు అబద్ధం చెప్పినట్టవుద్ది. రెండు లెక్కల దాకా అంకెలు కనపడలేదు. తర్వాత అనుకున్నాను, అది చిన్నపిల్ల, పైగా తొందర మనిషి, ఇంట్లో ఆరు నెలలు నాకు చెప్పిందీ అదే కదా అని. అప్పుడు రాశాను." అని నా తల తన ఒడి వైపు లాక్కుంది. లోపలి బిడ్డ తన్నితే నాకు తగిలింది. ఆ బిడ్డే నేను మొన్న వెళ్ళిన ఇంటి యజమానురాలు.

బాల్వాడీ రావడానికి మరో రెండేళ్ళు పట్టింది. వదిన అందులో చేరి, పని మానేసే రోజు దాకా మా ఊరి పిల్లలందరికీ మొదటి అంకెలు దిద్దించింది. నేను బీయీడీ చేసి టీచర్నయ్యాను. లెక్కల్లో వందకి వంద రావాలంటే ఏం చెయ్యాలని ఇప్పటికీ తల్లిదండ్రులు ఫోన్లు చేసి అడుగుతారు. రోజుకి నాలుగే లెక్కలు, పుస్తకం మూసి, పక్కవాళ్ళకి చెప్పండి అంటే వాళ్ళకి నచ్చదు. నాలుగేంటి మేడం, మావాడికి రోజుకి అరవై ఇస్తున్నారు అంటారు. మా మేనకోడలి కూతురు తెల్లవారుజామున అయిదింటికి కోచింగుకి వెళ్ళి వస్తుంది. దానికున్న పుస్తకాల్లో పదోవంతు కూడా మా ఇద్దరికీ కలిపి లేవు. నాకన్నా వేగంగా చేస్తుంది, అది ఒప్పుకోవాలి. మా రోజులే గొప్పవని నేననను. మా రోజుల్లో ఒక్క సబ్జెక్టు తప్పిన ఆడపిల్లకి మళ్ళీ రాసే వీలు లేకుండా పెళ్ళి చేసేసేవారు. ఎంతమంది మంగలు ఆ పొయ్యిల ముందే ఉండిపోయారో ఎవరికి తెలుసు. ఇప్పుడు ఈ పిల్ల ఇంట్లో అందరూ చదువుకున్నవాళ్ళే. ఎవరికీ లెక్క చెప్పించుకోవాల్సిన అవసరం లేదు. కూర్చుని వినే తీరికా లేదు. ఆ పిల్ల చేసిన లెక్కలు చేసినట్టే దాని పుస్తకంలో ఉండిపోతున్నాయి. అది మాత్రం నాకు దిగులుగా ఉంటుంది.

ఆ ఆదివారం సాయంత్రం పాలకొల్లులో తిరుగుబస్సెక్కే ముందు అన్నయ్య వదినని, "ఆ కాగితం ఇలా ఇయ్యి. ఇక్కడైతే పోద్ది, నేను జాగ్రత్త చేస్తాను," అని అడిగి తీసుకుని చొక్కా పై జేబులో పెట్టుకున్నాడు. బస్సు నిండా జనం. నాకు సీటు దొరికింది, అన్నయ్య కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. కండక్టరు జనాన్ని తోసుకుంటూ వచ్చి, ఎక్కడికి అన్నాడు. అన్నయ్య జేబులో చెయ్యి పెట్టి ఆ కాగితం తీశాడు. తీసి, మడత విప్పి, ఆ ముక్కూ మొహం తెలియని మనిషి ముందు పెట్టాడు.

"మా ఆవిడండి," అన్నాడు. "లెక్కల్లో యాభై ఏడు."

కండక్టరు కాగితం కేసీ, అన్నయ్య కేసీ చూశాడు. బస్సులో వాళ్ళందరూ కూడా చూశారు. అన్నయ్య ఒక్కసారి కూడా తల దించలేదు. కండక్టరు నన్ను చూపించి, "మరి ఈ పాప?" అన్నాడు మర్యాదకి.

"మా చెల్లెలండి," అన్నాడు అన్నయ్య. "దీనికీ బాగానే వచ్చాయి."